పురుగు ముట్టని కంకి

రెండో గీత కూడా వచ్చింది.

కోడలు పట్టీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసింది. తిరగేసి చూసింది. ఎలా చూసినా రెండు గీతలే. ఒక్క గీత వస్తే మామూలు మొక్కజొన్న, రెండు వస్తే కంపెనీ వాళ్లు జన్యువు మార్చి అమ్మిన మొక్కజొన్న. రెండు నెలలుగా గడప గడపకీ తిరిగి ఈ మాట చెప్పింది తనే. "కడుపుతో ఉన్నదీ లేనిదీ చూసుకునే పట్టీ లాంటిదేనండీ, భయపడకండి" అని నవ్వుతూ చెప్పేది. ఇవాళ నవ్వు రాలేదు.

"ఏమైంది? చదువు," అన్నాడు బావగారు గుమ్మంలోనే నిలబడి. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆయనా రాలేదు. "నా చేలో ఆకు నూరినప్పుడు వీధంతా వినేలా చదివావుగా. మా అమ్మ గింజల దగ్గరకొచ్చేసరికి గొంతు పెగలట్లేదా?"

బావగారి చేనుకి నిన్ననే కౌన్సిల్ నోటీసు అంటించారు. ఇవాళ మూడింటికి తీర్మానం తుది ఓటుకి వస్తుంది. నెగ్గితే ఎల్లుండి ఆయన పంట మొత్తం పీకి తగలబెడతారు. తీర్మానం రాసిందీ, పోయిన వారం పట్టుబట్టి మొదటి విడత నెగ్గించిందీ ఈ ఇంటి చిన్న కోడలే. మూడో వార్డు సభ్యురాలు. అందుకే ఆయన పొద్దున్నే వచ్చి, "రూలు అందరికీ ఒకటేనంటావుగా, మా అమ్మ విత్తనం కూడా నూరు చూద్దాం" అన్నాడు. కక్షతో అన్నాడు. ఇలా తేలుతుందని ఆయనా అనుకోలేదు.

"రెండు," అంది కోడలు.

"కిట్ పాతదేమో," అన్నాడు ఆమె భర్త. ఆయన కరెంటు మీటర్ల రీడింగ్ తీసే ఉద్యోగి. ఇంట్లో ఏ గొడవొచ్చినా ముందు మీటరునే అనుమానిస్తాడు.

"బావగారి చేనుకి వాడిన పెట్టెలోదే."

"అయితే నాదీ తప్పే అయ్యుండాలిగా? చెప్పరా తమ్ముడూ. కిట్ పాతదైతే ఇద్దరికీ పాతదే కదా."

భర్త టీ గ్లాసు కేసి చూస్తూ ఉండిపోయాడు.

అత్తగారు వంటింటి బల్ల దగ్గర రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊళ్లో ఆవిడని కంకులావిడ అంటారు. నలభై ఏళ్లుగా కొట్లో విత్తనం కొనలేదు. ఆవిడ వంటింటి దూలాలకి పొట్టు జడలల్లిన కంకులు వేలాడుతుంటాయి. ఇంటికొచ్చిన వాళ్లు తల వంచుకుని నడవాలి. ఆవిడ విత్తనాన్ని పరీక్షించాలన్న ఊహ కౌన్సిల్లో ఒక్కరికి కూడా రాలేదు. పైగా ఈ ఏడు ఆ విత్తనాన్నే సంచుల్లో నింపి, సంచీ మీద 'శుభ్రమైన విత్తనం' అని ముద్ర వేసి, సభ్యురాలి సంతకంతో ముప్ఫై ఎనిమిది ఇళ్లకి పంచారు. ఆ ముప్ఫై ఎనిమిది చేలల్లో ఇప్పుడు పైరు మోకాలెత్తుంది.

"ఇంకో ఏడాదివి నూరు," అంది అత్తగారు. "అవి పోయినేటివి. నా దగ్గర అన్నేళ్లవీ ఉన్నాయి."

లేచి అటక మీంచి రేకు డబ్బాలు దించింది. ఏటా పిడికెడు గింజలు దాచడం ఆవిడ అలవాటు. అంకెల మీద నమ్మకం లేక ఒక్కో డబ్బాకి ఒక్కో రంగు దారం కట్టింది. ఏ రంగు ఏ ఏడో ఆవిడకొక్కదానికే తెలుసు.

కోడలు గింజల్ని చిన్న కల్వంలో వేసి నూరింది. పిండిలో సీసా నీళ్లు పోసి పట్టీ ముంచింది. ఐదు నిమిషాలు ఆగాలి. సింకులో కుళాయి కారుతోంది.

రెండు గీతలు.

అంతకు ముందటి ఏటి డబ్బా తీసింది. రెండే, కాకపోతే రెండోది కాస్త సన్నం. నాలుగో డబ్బాలో రెండో గీత ఉందా లేదా అన్నట్టుంది. పట్టీని ఏటవాలుగా పట్టుకుంటే కనిపించింది.

కోడలు తలెత్తింది. "నాలుగేళ్లు. బావగారూ, మీరా విత్తనం పోయినేడే మొదలుపెట్టానన్నారు. కౌన్సిల్లో అదే రాసిచ్చారు."

గుమ్మంలో బావగారు కాలు మార్చి నిలబడ్డాడు.

"నాలుగేళ్లా?" అంది అత్తగారు.

"హైబ్రిడ్డే అన్నాడమ్మా పురుగుమందుల కొట్టాయన. నేనూ అదే అనుకున్నా."

"సంచీ మీద ఏం రాసుంది?"

"ఏమీ రాసి లేదు."

"ఏమీ రాయని సంచీలో విత్తనం కొన్నావా? నా కడుపున పుట్టి?"

రెండు చేలకీ మధ్య గట్టు ఒక్కటే. పెద్ద కొడుకు వేరుపడినప్పుడు ఆ గట్టు కూడా దండగ అంది అత్తగారు. నా కొడుక్కీ నాకూ మధ్య గట్టేంటి అని అప్పట్లో అందరికీ చెప్పుకుని ఏడ్చింది.

ఇతరుల తప్పు పట్టడానికొచ్చి తన తప్పే దొరికిన మనిషి అక్కడితో ఆగడు. బావగారూ ఆగలేదు.

"అవును. నా చేలోంచి పుప్పొడి గాలికొచ్చింది. వస్తే ఎంతొస్తుంది? గట్టు పక్క నాలుగు సాళ్లు. వందకి రెండో మూడో గింజలు. మిగతాదంతా ఎవరు చేశారు?"

"ఎవరు చేశార్రా?"

"విత్తనానికి నువ్వు ఏ కంకి తీస్తావమ్మా?"

జవాబు కోడలికి తెలుసు. పెళ్లయిన వారానికే అత్తగారు ఆమెని కంకుల కుప్ప ముందు కూర్చోబెట్టి నేర్పింది. పెద్దది చూడకు, అందం చూడకు, పురుగు ముట్టిందా లేదా అదొక్కటే చూడు. చిన్న బెజ్జం కనిపించినా పక్కన పారెయ్. పురుగుని తట్టుకున్న తల్లి పిల్లలే మనకి కావాలి. కోడలు ఆ పని బాగా నేర్చుకుంది. ఈ ఇంట్లో భర్త కన్నా ముందు ఆమెకి దగ్గరైంది అత్తగారే. ఆ దగ్గరితనం ఆ కుప్ప ముందే మొదలైంది.

"పురుగు ముట్టనిదే తీస్తావు," అన్నాడు బావగారు. గొంతు తగ్గించాడు. అది ఇంకా ఘోరంగా ఉంది. "పురుగు ముట్టకుండా ఉండటానికేగా కంపెనీ వాడు ఆ విత్తనం చేసింది. అది కలిసిన మొక్కల కంకులే పురుగు లేకుండా ఉంటాయి. కుప్పలోంచి ఏటా ఏరి ఏరి వాటినే జాగ్రత్త పెట్టావు. పురుగు తిన్నవన్నీ, నీ సొంత విత్తనం కంకులన్నీ, కోళ్లకేశావు."

అత్తగారు తలెత్తి దూలాలకి వేలాడే కంకుల వైపు చూసింది.

మూడేళ్లుగా ఆవిడ వీధిలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పుకుంది. నా కంకుల్ని పురుగు ఒదిలేసింది చూశావా, నలభై ఏళ్లు పట్టింది, ఏ మందూ కొట్టలేదు, చేత్తో ఏరుకుంటూ వచ్చాను అని. కోడలు కౌన్సిల్లో బల్ల గుద్ది చెప్పిన మాట కూడా అదే. కంపెనీ విత్తనం మనకెందుకు, మా అత్తగారి విత్తనం చూడండి అని.

"ఇప్పుడొక మాట విను," అన్నాడు బావగారు మరదలి వైపు తిరిగి. "పంట పీకే నిబంధన తీసెయ్. ఈ వంటింట్లో నేనేమీ చూళ్లేదు. అమ్మ పేరు చెడదు. ముప్ఫై ఎనిమిది ఇళ్లు బతుకుతాయి, నేనూ బతుకుతాను."

"తియ్యను. మూడింటికి మా ఇంటి సంగతే ముందు చెప్తాను."

"మా అమ్మ చేను కూడా పీకిస్తావా?"

"పీకిస్తాను."

"ఏమోయ్," అన్నాడు భర్త. "కాస్త నిదానంగా..."

"మీరుండండి."

బావగారు అమ్మ వైపొకసారి, మరదలి వైపొకసారి చూశాడు. "నీకు కావలసింది విత్తనం కాదమ్మాయ్. నీకు గెలుపు కావాలి," అని వెళ్లిపోయాడు. గేటు వెయ్యలేదు. ఎప్పుడూ వేసే వెళ్తాడు.

తరవాత అత్తగారు ఐదో డబ్బా దగ్గరికి లాక్కుంది. ఆకుపచ్చ దారం కట్టిన డబ్బా. పెద్ద కొడుకు ఆ పాడు సంచీ కొనకముందు ఏడాదిది. అంతకన్నా పాతవి లేవు. పెంకు పురుగులు ఎప్పుడో పిండి చేసేశాయి.

మూత తీసింది. ఇందులోనూ పిండే ఎక్కువుంది. అరచేతిలో పోసుకుని ఊదింది. పిండి ఎగిరిపోగా గింజలు మిగిలాయి. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చూసింది. పదకొండు.

"వీటిలో రెండు నూరి చూస్తే సరిపోదా?" అన్నాడు భర్త. ఆయనకి ఏదో ఒకటి సర్దుబాటు చెయ్యకపోతే ఊపిరాడదు.

"రెండు నూరితే ఆ రెండింటి సంగతే తెలుస్తుందండీ. ఒకే కంకిలో ఒక్కో గింజకి ఒక్కో పుప్పొడి పడుతుంది. పక్క గింజ సంగతి పక్క గింజదే. అన్నీ తేలాలంటే పదకొండూ నూరెయ్యాలి, నాటడానికి ఒక్కటీ మిగలదు."

"అయితే అన్నీ నాటేద్దాం. మొలిచాక ఆకు తుంచి చూస్తే చాలుగా? గింజ చావదు, మనకీ తెలుస్తుంది."

కోడలు వాడేసిన పట్టీలు ఏరి ఒక పక్కన పెట్టింది.

"చాలదా?"

"చాలు. కానీ విత్తే ముందే పరీక్ష అవ్వాలని తీర్మానంలో ఉంది. పరీక్ష కాని గింజ నేలలో పడకూడదు."

"మార్పించు. రాసింది నువ్వేగా."

"మొలిచాక చూద్దామని సవరణ తెచ్చింది మందుల కొట్టాయన. పోయిన వారం లేచి నిలబడి ఆయన్ని కడిగేశాను. మొలిచాక అంటే పూతొచ్చాక అంటారు, పూతొచ్చాక అంటే కోశాక అంటారు, ఈలోగా ఊరంతా కలిసిపోతుంది అన్నాను. గోడ పక్కన నిలబడ్డ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఇవాళ నేనే వెళ్లి అదే సవరణ ఏ మొహంతో అడగనండీ?"

అత్తగారు గుప్పిట మూసింది.

"అమ్మాయ్."

"చెప్పండత్తయ్యా."

"చేను పీకు. కంకులన్నీ తగలబెట్టు. దూలానికి ఒక్కటి కూడా ఉంచకు. సంచులు పుచ్చుకున్న వాళ్ల గుమ్మాల్లోకి నేనే వెళ్లి చెప్పమన్నా చెప్తాను." గొంతు స్థిరంగా ఉంది. ఈ ఇంట్లో ఇన్నేళ్లలో అత్తగారు కోడల్ని ఏదీ అడగలేదు, ఇచ్చిందే గాని. "ఈ పదకొండింటి సంగతి మాత్రం చెప్పకు. పెరట్లో ఒక మూల పెట్టుకుంటాను. ఆకు రాగానే నువ్వే చూద్దువు గాని. తేడా ఉంటే నా చేత్తోనే పీకేస్తాను. పూత దాకా ఉంచను. నా మాట మీద నమ్మకం ఉంటే."

కోడలికి సరే అనాలనుంది. అత్తగారి మాట మీద నమ్మకం ఉంది, ఆ మాట కన్నా గట్టి కాగితం కౌన్సిల్లో లేదని ఆమెకి తెలుసు. కానీ ఇందాకే బావగారి మొహం మీద తియ్యను అని చెప్పింది. ఆ ఊపు ఇంకా దిగలేదు.

"రూలు అందరికీ ఒకటే అత్తయ్యా."

అన్నాక కూడా వెనక్కి తీసుకునే వ్యవధి ఉంది. నాలుగైదు గంటలుంది. తీసుకోలేదు.

అత్తగారు గింజల్ని డబ్బాలో పోసి, మూత పెట్టి, దారం కట్టింది. ముడి రెండు సార్లు జారింది. భర్త సాయానికి చెయ్యి చాచబోయి ఆగాడు. భోజనానికి పిలిస్తే ఆవిడ వచ్చి తిని, కంచం కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

మూడింటికి కౌన్సిల్ హాలు కిక్కిరిసిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గాని గాలి లేదు. అధ్యక్షుడు బల్ల మీది గంట మూడు సార్లు కొట్టాడు. ఒక్కసారి కొడితే చాలు, కానీ ఆయనకి మూడు సార్లు కొడితేనే పదవి ఉన్నట్టుంటుంది. వెనకాల జనం ఆయన్ని గంటాయన అంటారు. ఆయన ముందు పరీక్ష పెట్టె తెరిచి ఉంది. కల్వం, సీసా, పట్టీల కట్ట.

సభ్యులు తమ ఇంటి విత్తనం సంగతి ముందు చెప్పాకే ఓటెయ్యాలి. ఈ రూలూ మన సభ్యురాలు పెట్టించిందే. గుమాస్తా ఫారం పట్టుకుని మూడో వార్డు అన్నాడు.

ఆమె లేచింది. బావగారు ప్రేక్షకుల బెంచీ చివర కూర్చుని ఉండటం చూసింది. ఆయన పక్కన అత్తగారు. ఆవిడ వస్తుందని తెలీదు. ఆయన తీసుకొచ్చాడో, ఆవిడే వచ్చిందో తెలీదు. భర్త గోడ పక్కన నిలబడ్డాడు.

"మా ఇంటి విత్తనం చెడింది," అంది. "పోయినేటిది, ఆ ముందు ఏటిది, దాని ముందటిది, నాలుగో ఏటిది, అన్నిటికీ రెండు గీతలొచ్చాయి. నేను సంతకం పెట్టి పంచిన సంచులన్నీ అవే. తెలియక పంచాను. అయినా పంచింది నేనే."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలంతా ఒక్కసారిగా లేచింది.

"అమ్మా, మా సంచీ ఇంకా ఇంట్లోనే ఉంది," అన్నాడు పాలాయన. అరవలేదు, అరిచినా బాగుండేది. "శుభ్రమైన విత్తనం అని దాని మీద మీ సంతకం ఉంది. పశువుల మేతకి కూడా అదే చేను నాకు. ఇప్పుడు పీకేస్తే వాటికేం పెట్టమంటారు?"

"తెలీదండీ," అంది ఆమె.

గంటాయన ఈసారి ఎన్నిసార్లు కొట్టాడో ఆయనకే తెలీదు. గోల కాస్త తగ్గాక మందుల కొట్టాయన తన కుర్చీలోంచి సగం లేచాడు. ఏమీ రాయని సంచులమ్మిన మనిషి. మొహంలో జాలి తెచ్చిపెట్టుకున్నాడు. "మొలిచాక చూద్దామని ఆ రోజు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నన్ను కడిగి ఆరేశారు. పోన్లెండి. ఇప్పటికైనా నా సవరణ ఒప్పుకుంటే మీకూ మంచిదే, మీ అత్తగారికీ మంచిదే."

ఒప్పుకుంటే అత్తగారి పదకొండు గింజలూ బతుకుతాయి. ఆయన కొట్లో సంచులూ బతుకుతాయి.

"ఒప్పుకోను," అంది.

గుమాస్తా ఫారంలో తరవాతి వరస చదివాడు. "ఇంట్లో ఇంకా పరీక్ష చెయ్యని విత్తనం ఏమైనా ఉందా?"

ఆమె బెంచీ వైపు చూసింది. అత్తగారు ఆమెనే చూస్తోంది. ఆ మొహంలో కోపం లేదు, వేడుకోలు లేదు. పొద్దున బల్ల దగ్గర గుప్పిట మూసినప్పటి మొహమే. పొద్దున అనలేకపోయిన మాట ఇప్పుడైనా అనేద్దామనిపించింది. ముప్ఫై ఎనిమిది ఇళ్లకి నిజం చెప్పాను, ఆ ఒక్క డబ్బా దాస్తే ఎవరికి నష్టం?

"లేదు," అంది.

బావగారు లేవబోయాడు. అత్తగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తను లేచింది. బెంచీల మధ్యనుంచి నెమ్మదిగా నడిచి వస్తుంటే జనం దారిచ్చారు. చేతిసంచీలోంచి ఆకుపచ్చ దారం కట్టిన డబ్బా తీసి గంటాయన బల్ల మీద పెట్టింది. ఈసారి ముడి మొదటిసారికే ఊడింది.

"ఉంది," అంది.

కోడలు పరుగులాంటి నడకతో బల్ల దగ్గరికి వచ్చింది. "అత్తయ్యా, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అంది గుసగుసగా. "మీకోసమే అన్నాను. మీరు అడిగారనే..."

"అడిగింది ఇంట్లో. ఇంట్లో రూలన్నావు." అత్తగారు గొంతు తగ్గించలేదు. "నలుగురిలోకొచ్చి నా కోసం అబద్ధమాడుతున్నావా? నేనిచ్చింది నాటినందుకు పాలాయన పశువులు పస్తుండబోతున్నాయి. నా పేరు మీద ఇంక నీ అబద్ధం ఒక్కటే తక్కువ."

"నాకు ఏం చెయ్యాలో తోచలేదత్తయ్యా."

"పొద్దున తోచిందిగా."

గుమాస్తా కలం పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, వీటినేమని రాసుకోమంటారు?"

"నూరాక రాసుకో నాయనా."

అత్తగారు పరీక్ష పెట్టెలోంచి కల్వం తీసింది. డబ్బా వొంచి పదకొండు గింజలూ అందులో పోసింది. ఒకటి అంచు మీద ఆగితే వేలితో లోపలికి తోసింది. రాయి తీసి కోడలి చేతిలో పెట్టింది.

"కానివ్వండి సభ్యురాలుగారూ," అంది. "మీరు రాసిన రూలేగా."

పెళ్లయి పన్నెండేళ్లు. అత్తగారు ఆమెని మీరు అనడం అదే మొదటిసారి.

హాల్లో అందరూ కోడలి చేతినే చూస్తున్నారు. అత్తగారు మాత్రం గింజల్ని చూస్తోంది.